లారీ మీంచి నేల మీదికి

సరుకు ఎక్కించే చోట క్రేను ఉంటుంది. దింపే చోట మనుషులుంటారు. ట్రాక్టరు పనిముట్ల వ్యాపారంలో నాకు మొదట అర్థమైన సంగతి ఇదే. రాజకోట్‌లోనో లూధియానాలోనో పెద్ద షెడ్డు కప్పు కింద, పట్టాల మీద నడిచే క్రేను మట్టిని గుల్ల చేసే రోటవేటర్లని ఒక్కొక్కటే ఎత్తి లారీలో పేరుస్తుంది. చోటు వృథా కాకూడదు కాబట్టి ఒకదాని సందులో ఇంకొకటి ఇరికిస్తారు. కొన్ని నిలువునా ఉంటాయి, కొన్ని బోర్లా ఉంటాయి. వాటి మీద గొర్రులు, గొర్రుల మీద, ట్రాక్టరు శక్తిని పనిముట్టుకి అందించే పీటీవో షాఫ్టుల కట్టలు. ఆ లారీ సగం దేశం దాటి తాడేపల్లిగూడెం చేరేసరికి దానికి ఎదురయ్యేది నలుగురు హమాలీలు, రెండు గడ్డపారలు, ఒక మోకు, నేను.

నేను మొదట ట్రాక్టరు మెకానిక్‌ని. తర్వాత మా యజమాని యార్డు అప్పగించారు. పనిముట్టు లారీ దిగడం, యార్డులో నిలబడడం, రైతు ట్రాక్టరుకి తగలడం, లేదా ట్రక్కెక్కి ఊరికి పోవడం, ఇవన్నీ నా కళ్ళ ముందే జరగాలి. బ్లేళ్ళు ఎన్ని, గేరుబాక్సులో ఏ ఆయిలు పొయ్యాలి, సబ్సిడీ ఎప్పుడు పడుతుంది అన్నవి ముందు గదిలో కూర్చునేవాళ్ళ మాటలు. నేను చూసుకోవలసిందల్లా దీని బరువెంత, ఇది ఎటు మొగ్గుతుంది అన్నదే.

ఆరడుగుల రోటవేటరు నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. తొమ్మిది చాళ్ళ గొర్రు రెండు వందలకి పైమాటే, గట్టి రకమైతే ఇంకా ఎక్కువ. తిరగేసే రకం ఎం.బి. నాగలి నాలుగు వందల దరిదాపుల్లో ఉంటుంది. గడ్డి మోపులు కట్టే బేలర్లయితే గుండ్రపు మోపులది ఆరు వందలకి పైన, పలకల మోపులది టన్నున్నర దాకా. ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫార్సు చేసింది. ఆ లెక్కన రోటవేటరుకి తొమ్మిది మంది కావాలి. తొమ్మిది మంది చేతులు పెట్టడానికి దానికి పట్టేదీ? ఒక పక్క బ్లేళ్ళు, ఒక పక్క రేకు, మధ్యలో గేరుబాక్సు. అందుకని నలుగురే పట్టుకుంటారు. మనిషికి నూట పాతిక కిలోలు. అదీ సమంగా పడితే.

సమంగా పడదు. ఎప్పుడూ పడదు. కాలు నలిగినా నడుం పట్టేసినా కారణం మొత్తం బరువు కాదు, ఆ సమంగా పడకపోవడమే. నలుగురు ఎత్తుతుండగా ఒకడి కాలు జారుతుంది, లేదా చెమటకి పట్టు తప్పుతుంది. ఆ క్షణంలో వాడి వాటా మిగతా ముగ్గురి మీద మూడు వంతులుగా పంచుకోదు, పక్కవాడి మీద మొత్తం పడిపోతుంది. వాడూ వదిలేస్తాడు. కాబట్టి మా యార్డులో ఒకటే పద్ధతి. ఇనుము బరువు ఇనుమో చెక్కో తాడో నేలో మొయ్యాలి, మనిషి దానికి దారి మాత్రం చూపాలి. చెప్పడం తేలికే. నలుగురు కుర్రాళ్ళు చొక్కాలు విప్పి ‘హైలెస్సా’ అంటూ ముందుకొస్తే, ఆగండ్రా అని వాళ్ళని ఆపడమే కష్టం. బలం ఉన్నవాడికి తాడు కట్టమంటే అవమానంగా ఉంటుంది.

లారీ రాగానే మొదట చెయ్యాల్సిన పని ఏమీ చెయ్యకపోవడం. డ్రైవరు రాత్రంతా నడిపి ఉంటాడు, ఖాళీ చేసి పంపెయ్యండి భాయ్ అని తొందర పెడతాడు. నేను చుట్టూ ఒకసారి తిరుగుతాను. దారిలో గోతులకీ బ్రేకులకీ సరుకు జరిగి ఉంటుంది. ఎక్కించినప్పుడు నిటారుగా నిలబడ్డ రోటవేటరు ఇప్పుడు వెనక డోరు మీద వాలి ఉండొచ్చు. డోరు గొళ్ళెం మీద సుత్తి పడిన మరుక్షణం అదే ముందు దిగుతుంది, ఎవరి సాయమూ అక్కర్లేకుండా. అందుకే డోరు పక్కగా నిలబడి కొట్టాలి. ఎదురుగా మనిషి అనేవాడు ఉండకూడదు, సెల్‌ఫోన్‌లో ఫొటో తీసే సేల్స్ కుర్రాడితో సహా. మోకులు విప్పేటప్పుడు కూడా పైనున్న సరుకుని కట్టినవి ముందు, కింది కట్లు తర్వాత. ఇనపపట్టీలు బిగించి ఉంటే కత్తిరించేటప్పుడు ముఖం పక్కకి పెట్టాలి. తెగిన పట్టీ చివర ఎటు ఎగురుతుందో దానికే తెలియదు.

ఇక రోటవేటరు. దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చూడడానికి గేరుబాక్సు నట్టనడుమ ఉంటుంది, ట్రాక్టరుకి తగిలించే ఏ-ఫ్రేమూ నడుమే ఉంటుంది. కాబట్టి కొత్తవాడు ఆ ఏ-ఫ్రేము తలకి ఒక బెల్టు వేసి ఎత్తబోతాడు. ఎత్తితే రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఏ-ఫ్రేము ముందుకి ఉంటుంది, బరువంతా వెనక రోటరు మీద ఉంటుంది. అందుచేత వెనక్కి వేలాడిపోతుంది. రెండోది, చాలా రకాల్లో ఎడమ చివర సైడు గేర్ల పెట్టె ఉంటుంది. ఇనపపోత పెట్టె, లోపల గేర్లు, ఆయిలు. కుడి చివర ఉండేది ఒక్క బేరింగే. కాబట్టి అసలు తూకం నడుమ కాదు, ఎడమకి బెత్తెడో రెండు బెత్తెలో జరిగి ఉంటుంది. గేరుబాక్సుకి ఇటొకటి అటొకటి ఫ్రేము పైపుకి రెండు బెల్టులు వేస్తాం. రెండూ కలిసే కొక్కెం మాత్రం ఆ జరిగిన చోటికి సరిగ్గా పైన ఉండాలి.

ఆ చోటు ఎక్కడో ఏ కంపెనీవాడూ రాసి పంపడు. బరువు పుస్తకంలో వేస్తారు, కొందరు రేకు మీద కూడా కొడతారు. కానీ ఇక్కడ పట్టుకుని ఎత్తండి అని ఒక గుర్తు, ఒక కన్నం, ఒక రింగు పెట్టిన పనిముట్టు అరుదు. లక్ష రూపాయల పైన ఖరీదు చేసే వస్తువుకి ఒక ఇనపరింగు అతికించడానికి ఎంతవుతుందో నాకర్థం కాదు. వాళ్ళ దగ్గర క్రేను ఉంది, రోజూ ఎత్తే మనిషి ఉన్నాడు, వాడికి తూకం చేతిలో ఉంటుంది. దింపే చోటు వాళ్ళకి కనిపించదు.

అందుచేత మేం చేసేది, బెత్తెడు లేపి ఆపడం. జానెడు కాదు, బెత్తెడే. ఇనప దూలానికి వేలాడే చైన్ పుల్లీ గొలుసు లాగుతూ, బెల్టులు బిగిసి, పనిముట్టు లారీ బల్లని వదలగానే ఆపు అంటాను. అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు. అప్పుడు చూస్తాం. ఎటు వాలుతోంది, బెల్టు ఎక్కడైనా అంచుకి రాసుకుంటోందా, వదులుగా ఉన్న పీటీవో షాఫ్టు జారబోతోందా. వాలితే మళ్ళీ దించేసి బెల్టు జరుపుతాం. బెత్తెడు ఎత్తులోంచి పడితే పెయింటు పోతుంది. నాలుగడుగుల ఎత్తులోంచి పడితే ఏం పోతుందో చెప్పలేం. పండగ రోజుల్లో, వానలో, ఆకలి వేళ, ఎప్పుడైనా సరే ఈ బెత్తెడు దగ్గర ఆగకుండా పైకి పోనివ్వను. దీని కోసం నన్ను హమాలీలు వెనకాల ‘బెత్తెడు గారు’ అంటారని తెలుసు.

బెల్టుల సంగతి. రంగుని బట్టి దాని శక్తి ఉంటుంది. ఊదారంగుది ఒక టన్ను, ఆకుపచ్చది రెండు, పసుపుది మూడు. ఆరు వందల కిలోల వస్తువుకి ఒక టన్ను బెల్టు చాలదా అని అడుగుతారు. నిటారుగా వేలాడితే చాలు. కానీ రెండు కాళ్ళుగా వేసినప్పుడు కాళ్ళు ఎంత విచ్చుకుంటే అంత భారం పెరుగుతుంది. రెంటి మధ్య కోణం 90 డిగ్రీలైతే ఒక్కో కాలి మీద మొత్తం బరువులో పదింట ఏడు పాళ్ళు పడతాయి, సగం కాదు. 120 డిగ్రీలైతే ఒక్కో కాలి మీదా మొత్తం బరువంతా పడుతుంది. ఇది నేను బోర్డు మీద బొమ్మ వేసి చెబితే ఎవరూ నమ్మలేదు. ఒక తాడు మధ్యలో నీళ్ళ బిందె వేలాడదీసి, చెరో కొస ఇద్దరికిచ్చి, తాడు తిన్నగా అయ్యేదాకా లాగమన్నాను. లాగలేకపోయారు. ఆ తర్వాత పొట్టి బెల్టు తెచ్చేవాడు లేడు.

డిస్కు హారోకీ ఎం.బి. నాగలికీ అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి బెల్టు కింద గోనెసంచి మడత పెట్టకపోతే కోసేస్తాయి. ఒకసారి గంటు పడిన బెల్టుని నేనే కత్తితో రెండు ముక్కలు చేసి పారేస్తాను. అలా చెయ్యకపోతే ఎవరో గేదెని కట్టెయ్యడానికి ఇంటికి పట్టుకెళతారు, మళ్ళీ ఎప్పుడో అవసరానికి తెచ్చి పనిముట్టుకే వేస్తారు. కారఖానాల్లోనైతే బరువులెత్తే యంత్రాల్నీ గొలుసుల్నీ తాళ్ళనీ కనీసం ఏడాదికోసారి అర్హుడైన మనిషి చేత పరీక్ష చేయించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నియమం పెట్టింది. మాది కారఖానా కాదు, కొట్టు. అయినా సంక్రాంతి వెళ్ళగానే చైన్ పుల్లీ విప్పించి చూపిస్తాను. కొక్కెం నోరు విచ్చుకుందా, నాలుక సరిగా మూసుకుంటోందా, గొలుసు కడియాలు సాగాయా అని. పొలం యంత్రాల కోసమని 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం ఒకటి వచ్చింది కానీ అది ముఖ్యంగా నూర్పిడి యంత్రాల దగ్గర చేతులు పోగొట్టుకునేవాళ్ళ కోసం. పనిముట్టు లారీ మీంచి నేల మీదికి వచ్చే ఆ నాలుగడుగుల ప్రయాణం దాని ధ్యాసలో లేదు.

మా యార్డులో ఇనప దూలంతో గాంట్రీ కట్టక ముందు అంతా తాటి దూలాల మీదే. ఇప్పుడూ కరెంటు లైన్ల కింద, ఇరుకు సందుల్లో, ఊళ్ళల్లో దింపాల్సి వస్తే అదే దిక్కు. మా హమాలీ మేస్త్రీ గారు ఆ విద్యలో ఘనుడు. చిన్నతనంలో టింబర్ డిపోలో పనిచేశారు. ఎడమచేతి ఉంగరం వేలు మొదటి కణుపు దాకే ఉంటుంది ఆయనకి. కొత్తగా పెళ్ళైన కుర్రాడు ఎవడైనా పనిలోకొస్తే ముందు వాడి చెయ్యి పట్టుకుని చూస్తారు. “ఏం బాబూ, పెళ్ళాం మీద ప్రేముంటే ఉంగరం ఇంట్లో పెట్టి రా. లేదంటే వేలు ఇక్కడ పెట్టి వెళ్తావు” అంటారు. చెయ్యి ఎత్తి చూపించరు. చూపించాల్సిన పనీ లేదు.

ఆయన పద్ధతి ఇది. లారీ బల్ల నేలకి నాలుగడుగుల పైనే ఉంటుంది. రెండు తాటి దూలాలు, ఒక్కోటి పన్నెండు పధ్నాలుగు అడుగులది, బల్ల మీంచి నేలకి ఏటవాలుగా వేస్తారు. దూలం పొట్టిదైతే వాలు నిటారవుతుంది, పనిముట్టు దిగదు, దూకుతుంది. దూలం పైకొసలు జారకుండా లారీకి కట్టేస్తారు, కిందికొసల దగ్గర మేకులు పాతుతారు. రోటవేటరు ఫ్రేముకి మోకు కట్టి, ఆ మోకుని లారీ ముందు వైపున్న కొబ్బరిచెట్టు మొదలుకి మూడు చుట్లు తిప్పి, కొస ఒక్క మనిషి చేతికిస్తారు. అర టన్ను ఇనుము ఏటవాలున జారుతుంటే పైన ఆపేది ఆ ఒక్కడే. చూసేవాళ్ళకి భయం వేస్తుంది గానీ చుట్టుకీ చుట్టుకీ రాపిడి హెచ్చిపోతుంది. మూడో చుట్టు దగ్గరకొచ్చేసరికి కొస పట్టుకున్నవాడి చేతికి తగిలేది నాలుగైదు కిలోల లాగుడే. గోదావరి కాలవల మీద పడవలు నడిచిన రోజుల్లో రేవులో గుంజకి తాడు చుట్టి నిండు పడవని ఆపిందీ ఇలాగేనని మేస్త్రీ గారంటారు. ఆయన “వదులు” అంటే జానెడు వదలాలి, “పట్టు” అంటే కొస లాగి పట్టాలి. ఈ రెండు మాటలే. ఆ సమయంలో ఇంకెవరూ నోరెత్తకూడదు. యజమాని అయినా సరే. దూలాలకి దిగువన ఎవరూ ఉండరు, గడ్డపారలు పట్టుకున్న ఇద్దరూ పక్కనే నడుస్తారు. కొస పట్టుకున్నవాడు దాన్ని చేతికి చుట్టుకోకూడదు. ఇది మాత్రం ప్రతిసారీ చెప్పాల్సిందే, ఎందుకంటే ప్రతిసారీ చుట్టుకుంటారు.

హైడ్రా పిలిస్తే ఇదంతా ఉండదు కదా అంటారు. ఉండదు, వేరేది ఉంటుంది. హైడ్రా బరువు ఎత్తుకుని నడిచే యంత్రం. నడుస్తుంటే బరువు ఊగుతుంది, ఊగకుండా పట్టుకుంటామని కుర్రాళ్ళు దాని ముందు చక్రం పక్కనే నడుస్తూ పనిముట్టు మీద చెయ్యి వేస్తారు. నేల మిట్టపల్లమైతే ఆ చెయ్యి వేసినవాడు చక్రం కిందికి పోతాడు. రెండు వైపులా పది పది అడుగుల తాళ్ళు కట్టి దూరం నుంచి పట్టుకోమంటాను. పన్నెండు టన్నుల హైడ్రా అన్నంత మాత్రాన బూమ్ చాచిన చోటల్లా పన్నెండు టన్నులు ఎత్తదు. చాచేకొద్దీ శక్తి పడిపోతుంది. మా యార్డు మూల మీదుగా 11 కేవీ లైను పోతుంది, ఆ మూలన బూమ్ లేపనివ్వను. ఇక జేసీబీ పళ్ళకి గొలుసు తగిలించి ఎత్తే ఆచారం ఒకటుంది. బకెట్టు కాస్త తిరిగితే గొలుసు పన్ను మీంచి జారిపోతుంది. జేసీబీ తవ్వడానికి పుట్టింది, దాన్ని ఆ పనే చేసుకోనివ్వాలి.

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలారంటే దమ్ము చక్రాల కాలం. కేజ్‌వీల్స్ అని అందరూ అనేవే. సార్వా దమ్ముకి అవి లేకుండా మా నల్లమట్టిలో ట్రాక్టరు దిగదు. రోడ్డు మీద వాటితో నడిపితే తారు లేచిపోతుందని అధికారులు పట్టుకుంటారు, జరిమానా వేస్తారు. అందుకని చక్రాలు విడిగా ట్రక్కులో వేసుకుని గట్టు దగ్గర బిగించుకోవాలి. గుండ్రంగా ఉంది కదా అని దొర్లించడం సులువనుకుంటారు. దాని చుట్టూ ఉన్నవి ఇనప పట్టీలు, పట్టీకీ పట్టీకీ మధ్య ఎడం. ఒక పట్టీ మీంచి ఇంకో పట్టీ మీద పడుతూ తాగి ఇంటికెళ్ళేవాడిలా నడుస్తుంది, ఎటు తూలుతుందో తెలీదు. హబ్బు ఒక వైపుకే ఉండడంతో ఆ వైపుకి పడే బుద్ధి ఎక్కువ. కాబట్టి హబ్బు లేని వైపు నిలబడి, వెనక నుంచి తొయ్యాలి. పడబోతే పట్టుకోకూడదు, వదిలెయ్యాలి. పడ్డ చక్రాన్ని ఇద్దరు గడ్డపారతో లేపుకోవచ్చు. ఈ ‘వదిలెయ్యడం’ నేర్పడం అన్నిటికన్నా కష్టం. చేతిలోంచి జారే వస్తువుని పట్టుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటు. వందల కిలోల ఇనుము దగ్గర ఆ అలవాటు పనికిరాదు.

దిగిన తర్వాత నిలబెట్టడం ఇంకో పని. గోడకి ఆనించి ఏదీ ఉంచను. తిరగేసే నాగలిని స్టాండు పిన్ను పెట్టాకే బెల్టు విప్పాలి. పిన్ను లేకుండా నిలబడ్డట్టే ఉంటుంది, సాయంత్రం ఎవరి మేకో దాన్ని రాసుకుని వెళ్ళినా ఒరుగుతుంది. డిస్కు హారో మీద కాలు పెట్టి ఎక్కొద్దు, డిస్కు తిరుగుతుంది. ఆదివారం పిల్లలతో వచ్చే రైతులుంటారు, పిల్లలకి ఇదంతా ఆటస్థలమే. వాళ్ళకి ముందు గదిలో కూల్‌డ్రింకు ఇప్పిస్తాం.

పనిముట్టు తగిలించడంలో మాత్రం రైతులకీ నాకూ ఎప్పుడూ వాదనే. ట్రాక్టరు వెనక్కి వస్తుంటే టైరుకీ పనిముట్టుకీ నడుమ ఒక మనిషి నిలబడి “రా రా, ఇంకొంచెం, ఇంకొంచెం” అంటాడు. క్లచ్చు మీద కాలు జారితే ఆ ఇంకొంచెమే మిగులుతుంది. యార్డులో సున్నంతో ఒక గీత గీయించాను, వెనక చక్రానికి బయటగా. చెప్పేవాడు ఆ గీత అవతల నిలబడాలి. ట్రాక్టరు ఆగి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను కట్టేశాక లోపలికి రావాలి. ముందు ఎడమ లింకు, తర్వాత కుడి, చివర టాప్‌లింకు. ఎడమ లింకు చెయ్యి పొడుగు మారదు, కుడి దానికి మాత్రం తిప్పే పిడి ఉంటుంది. మారనిదాన్ని ముందు తగిలించి, మారేదాన్ని దానికి సరిపెట్టుకోవాలి. ఒక పెద్దాయన ఎప్పుడూ కుడి ముందు పెట్టి, ఎడమ కలవకపోతే పనిముట్టుని గడ్డపారతో కుమ్ముతారు. “నలభయ్యేళ్ళుగా ఇట్టాగే చేస్తన్నానండి” అంటారు. “మరేనండి, నలభయ్యేళ్ళుగా కుమ్ముతూనే ఉన్నారు” అంటే నవ్వి, మళ్ళీ అదే చేస్తారు.

పిన్నుల దగ్గర మాత్రం నవ్వను. పెద్ద ట్రాక్టర్లకి కింది లింకు పిన్ను 28 మిల్లీమీటర్లది, టాప్‌లింకుది 25. చిన్నవాటికి 22, 19. చిన్న పిన్నుని పెద్ద కన్నంలో వేసి నడిపితే ఆ సందులో దెబ్బ కొట్టుకుని పిన్ను వంగుతుంది. బుష్షు వేసుకోండి, ఖరీదు టీ డబ్బులు. లించ్‌పిన్ను పోయిందని మేకు వంచి పెట్టేవాళ్ళున్నారు. దమ్ములో ఆ మేకు ఊడితే రోటవేటరు ఒక చేతి మీదే వేలాడుతుంది, తిరుగుతూ. పీటీవో 540 చుట్ల మీద ఉంటే సెకనుకి తొమ్మిది చుట్లు. లుంగీ కొస దొరికితే అయ్యో అనేలోపే తొమ్మిది చుట్లు చుట్టుకుంటుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు పగిలిందని తీసి పారేసి వస్తారు చాలామంది. కొత్తది కొనమని చెబుతాను. కొన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకొకటి. నలభై అయిదు, యాభై హార్స్‌పవర్ ట్రాక్టరు లిఫ్టు టన్నున్నర నుంచి రెండు టన్నుల దాకా లేపుతుంది, రోటవేటరు దానికి లెక్కలోది కాదు. లేపగలదు కదా అని ముందు చక్రాల సంగతి మరిచిపోతారు. వెనక బరువు పడేకొద్దీ ముందు తేలికవుతుంది. కాలవ వంతెన మిట్ట ఎక్కేటప్పుడు స్టీరింగు తిప్పితే చక్రం తిరుగుతుంది, ట్రాక్టరు తిరగదు. ముందు బరువులు బిగించుకోండి అంటే డీజిలు తాగుతుందని ఒప్పుకోరు. లేపి ఉంచిన పనిముట్టు కింద దూరి బ్లేడు బోల్టు బిగించేవాళ్ళ గురించి చెప్పడానికి నాకు ఓపిక పోయింది. లిఫ్టు పట్టి ఉంచేది లోపలి నూనె, ఒక రబ్బరు సీలు. కింద మొద్దు పెట్టి దాని మీదికి దించాకే దూరాలి.

ఊళ్ళో దింపుకోవడం ఎలాగని అడిగితే దింపుకోవద్దనే చెబుతాను. ట్రాక్టరు ఇక్కడికి తెచ్చి తగిలించుకుని పట్టుకెళ్ళండి. దూరమైతే ట్రక్కు తప్పదు. అప్పుడు కాలవగట్టో మెరకో చూసుకుని, ట్రక్కు బల్ల గట్టుకి సమంగా వచ్చేలా వెనక్కి పెట్టి, ట్రాక్టరుని గట్టు మీంచి తెచ్చి అక్కడికక్కడే తగిలించుకోవాలి. మెరక లేకపోతే ట్రక్కు చక్రాలకి రెండు గోతులు తవ్వినా బల్ల దిగుతుంది. కానీ వాడుకలో ఉన్నది వేరే. పనిముట్టుని కొబ్బరిచెట్టుకి కట్టి, ట్రక్కుని ముందుకి లాగి, కింద పాత టైర్లు వేస్తారు. చివరి మూడడుగులు అది గాల్లోనే ఉంటుంది. అలా దింపిన కొత్త రోటవేటరు ఒకటి మర్నాడే గేరుబాక్సు చెవి విరిగి మా దగ్గరికొచ్చింది. వారంటీ కావాలన్నారు. ఏం జరిగిందండీ అంటే ఏమీ జరగలేదు, దించాం అంతే అన్నారు. రేకుకి అంటుకున్న టైరు నలుపు ఇంకా అలాగే ఉంది.

ఈ మధ్య బేలర్లు ఎక్కువగా వస్తున్నాయి. కోత మిషన్లు చేలో పరిచి వెళ్ళిన గడ్డిని మోపులు కట్టడానికి కూలీలు దొరక్క, ఒకరు కొంటే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు అద్దెకి పిలుస్తున్నాయి. బేలరుకి సొంత చక్రాలున్నాయి కాబట్టి నేల మీద లాక్కెళ్ళడం తేలికే. లారీ మీంచి దింపడమే సమస్య. మా గాంట్రీ రోటవేటర్లని దృష్టిలో పెట్టుకుని కట్టింది. బేలరు ఎత్తు ఎక్కువ, బెల్టుకి పైన చోటు మిగలదు. పొట్టి బెల్టు వేస్తే కాళ్ళు విచ్చుకుంటాయి. ఆ బిందె లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. దూలం పైకి పెంచి, రెండు టన్నుల పుల్లీ పెట్టాలని యజమానితో అన్నాను. హైడ్రా అద్దె ఎంతవుతోందో ఏడాదికి లెక్క కట్టి చూపించమన్నారు. కట్టాను. దాళ్వా కోతలు అయ్యాక చూద్దామన్నారు. బేలర్ల లారీలు వచ్చేది కోతల ముందే కదండీ అన్నాను. ఆ మాటకి స్తంభాలకి గోతులైతే తవ్వించారు. ఇనుము ఇంకా రాలేదు, హైడ్రావాడికి ముందురోజే ఫోను చేసి చెబుతున్నాం.